దీపం కింది పీట ఏ కర్రది?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను కాసేపు మాట్లాడమన్నారు. "పెన్షను, డి.ఏ. బకాయిల సంగతి మిగతా వక్తలు చూసుకుంటారు, మీరు ఇంకేదైనా చెప్పండి" అని షరతు కూడా పెట్టారు. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గురించి అధ్యక్షుల వారు ఎలాగూ వివరంగా చెప్పారు. కనుక నాకు తెలిసిన రెండు సంగతులు మనవి చేస్తాను. ఒకటి కర్ర గురించి, రెండోది దీపం గురించి. దీపమంటే మన దీపం కాదు, యూదుల దీపం. ఈ రెండింటికీ పొత్తేమిటని మీకు అనుమానం రావచ్చు. చివరిదాకా వింటే తెలుస్తుంది.

నేను 1972లో అటవీ శాఖలో గుమస్తాగా చేరి, 2007లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. అందులో చాలా కాలం కలప డిపో రిజిస్టర్లు రాయడంతోనే గడిచింది. అడవిలో చెట్టు ఎలా ఉంటుందో సరిగా చూడని రోజుల్లోనే దుంగను చూసి పేరు చెప్పడం వచ్చింది. టేకు, ఏగిస, నల్లమద్ది, జిట్టేగి, చండ్ర... రోజూ ఇవే పేర్లు రాసి రాసి, ఏ వస్తువు చూసినా ఇది ఏ కర్ర అని ఆరా తీయడం ఒక జబ్బులా పట్టుకుంది. బండి చక్రమైతే నల్లతుమ్మ. కొండపల్లి బొమ్మయితే పొనికి, నిర్మల్ బొమ్మా అదే. ఏటికొప్పాక లక్క బొమ్మయితే అంకుడు. బొబ్బిలి వీణ అయితే పనస. అగ్గిపుల్లయితే బూరుగో, పెద్దమానో. మా అబ్బాయికి పిల్లను చూడటానికి వెళ్లినప్పుడు వాళ్ల గుమ్మం తలుపు వేలితో తట్టి చూస్తున్నానని మా ఆవిడ నా మీద కన్నెర్ర చేసింది. "పిల్లను చూడమంటే తలుపు చూస్తారేమిటండీ" అని దారి పొడుగునా అంటూనే ఉంది.

ఆమె 2017 నవంబరులో కాలం చేసింది. మరుసటి సంవత్సరం మే నెలలో మా అబ్బాయి నన్ను అమెరికా తీసుకువెళ్లాడు. న్యూజెర్సీలో ఒక చిన్న ఊరు. కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు బడికి వెళ్లిపోతే మాట్లాడే దిక్కులేక వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. పక్కింట్లో ఎనభై దాటిన యూదు ముసలావిడ ఒక్కతే ఉండేది. ఆవిడా అలాగే కూర్చునేది. నా ఆఫీసు ఇంగ్లీషు ఆవిడకు, ఆవిడ మాట నాకు అర్థం కావడానికి వారం పట్టింది. ఒక శుక్రవారం సాయంత్రం మా అందర్నీ ఇంటికి పిలిచింది.

వెళ్లేసరికి తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద రెండు కొవ్వొత్తి స్తంభాలున్నాయి. ఇత్తడివీ కావు, వెండివీ కావు, కర్రవి! లేత పసుపు మీద ముదురు గోధుమరంగు చారలు సుడులు తిరిగి ఉన్నాయి. నా రిజిస్టర్లలో ఎన్నడూ రాయని కర్ర. మా అబ్బాయి "నాన్నా, వద్దు" అని కళ్లతో చెబుతున్నా ఆగలేక, ఏ కర్రమ్మా ఇది అని అడిగేశాను. ఆవిడ ఎంతో సంతోషించింది. అది ఆలివ్ కర్ర. బెత్లెహేములో తయారైనవట, వాళ్లమ్మవట. అక్కడ ఆలివ్ కొమ్మలు కత్తిరించినప్పుడు వచ్చే కర్రతో వస్తువులు చెక్కడం పాత కాలం నుంచీ ఉన్న వృత్తి. చెట్టు మెల్లగా పెరుగుతుంది గనుక కర్ర గట్టిగా, బరువుగా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే చిన్న స్తంభమే అయినా బరువు తెలిసింది.

"కర్ర మీద నిప్పు పెడితే కాలదా?" అన్నాను. ఆవిడ నవ్వి లోపల చూడమంది. కొవ్వొత్తి నిలిపే చోట చిన్న లోహపు గిన్నె బిగించి ఉంది. నిప్పు తగిలేది లోహానికి, బరువు మోసేది కర్ర.

యూదులకూ కర్రకూ సంబంధం ఈనాటిది కాదు. ఎడారిలో తిరిగిన కాలంలో వాళ్లు చేసుకున్న మందసం ఏ కర్రదో బైబిలు పాత నిబంధనలో ఉంది. తెలుగు బైబిలు దాన్ని తుమ్మకర్ర అంటుంది. మన తుమ్మ జాతిదే. సొలొమోను రాజు కట్టించిన ఆలయానికి లెబనాను దేవదారు, లోపలి గది తలుపులకు ఆలివ్ కర్ర వాడారు. ఏ పనికి ఏ కర్రో మన డిపోలోకన్నా శ్రద్ధగా రాసిపెట్టారు. దీపస్తంభం మాత్రం కర్రది కాదు. మేలిమి బంగారంతో, అతుకు లేకుండా ఒకే ముద్ద నుంచి సాగగొట్టి చేయాలని నియమం.

ఇక ఆ సాయంత్రం చూసింది చెబుతాను. ఆవిడ వంటింటి గోడకు ఒక క్యాలెండరు తగిలించి ఉంది. ప్రతి శుక్రవారం దగ్గర దీపం వెలిగించే టైము గంటలు, నిమిషాలతో సహా అచ్చువేశారు. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందు వెలిగించడం చాలాచోట్ల ఆచారం. యెరూషలేములో 40 నిమిషాల ముందే వెలిగిస్తారు. జూన్‌లో న్యూజెర్సీలో రాత్రి 8 దాటాక వెలిగించిన దీపం, నేను తిరిగొచ్చే అక్టోబరు నాటికి 6 గంటలకే వెలిగింది. ఆఫీసుకి పదిహేను నిమిషాలు ఆలస్యంగా వెళ్లడం అలవాటైన మనకు పద్దెనిమిది నిమిషాల ముందు అంటే ఆశ్చర్యమే మరి!

అంత కచ్చితం ఎందుకంటే, వాళ్లకు రోజు మొదలయ్యేది సూర్యాస్తమయంతో. శుక్రవారం పొద్దుగూకితే శనివారపు విశ్రాంతి దినం మొదలైనట్టే. దాన్ని షబ్బాత్ అంటారు. ఆ రోజు నిప్పు రాజేయకూడదు, ఆర్పకూడదు. అందుకని ముందే వెలిగించి పెట్టుకుంటారు. కనీసం రెండు దీపాలు. పది ఆజ్ఞలు పాత నిబంధనలో రెండుచోట్ల వస్తాయి. ఒకచోట ఆ దినాన్ని జ్ఞాపకం ఉంచుకోమని, మరొకచోట పాటించమని ఉంటుంది. ఆ రెండు మాటలకు గుర్తుగా రెండు దీపాలు. కొన్ని ఇళ్లలో ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్కటి చొప్పున కలుపుతారు.

ఆవిడ అగ్గిపుల్ల గీసి రెండూ వెలిగించింది. చేతులు మూడుసార్లు దీపాల చుట్టూ తన వైపు తిప్పుకుని, కళ్లు మూసుకుని మంత్రం చదివింది. మంత్రం చదివితే విశ్రాంతి దినం మొదలైనట్టే, ఆ తర్వాత వెలిగించకూడదు. కనుక ముందు వెలిగించి, కళ్లు మూసుకుని చదివి, తర్వాత కళ్లు తెరిచి వెలుగు చూస్తారు. నా కళ్లు మాత్రం అగ్గిపుల్ల మీదే ఉన్నాయి. ఆవిడ దాన్ని ఊదలేదు. పళ్లెంలో పెట్టి, దానంతటది కాలి ఆరిపోయేదాకా వదిలేసింది. ఆర్పకూడదన్న నియమం అగ్గిపుల్లకు కూడా వర్తిస్తుందన్నమాట.

తర్వాత ఆ ఊరి లైబ్రరీకి వెళ్లి ఈ విషయం మీద దొరికిన పుస్తకాలు చదివాను. సుమారు క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మశాస్త్ర గ్రంథంలో, షబ్బాత్ దీపానికి ఏ వత్తి పనికొస్తుంది, ఏ నూనె పనికొస్తుంది అని ఒక అధ్యాయమే ఉంది. చదువుతుంటే మన జీవోలే గుర్తొచ్చాయి! దేవదారు నారతో వత్తి చేయకూడదు, దువ్వని అవిసెనార వాడకూడదు, పచ్చి పట్టు వాడకూడదు. ఇలా జాబితా సాగుతుంది. వత్తి నూనెను సరిగా పీల్చకపోతే మంట కొట్టుకుంటుంది, సరిచేయాలని చెయ్యి వెళుతుంది, నియమం తప్పుతుందని కారణం.

నూనె దగ్గరకు వచ్చేసరికి ఒక పండితుడు ఆలివ్ నూనె తప్ప మరొకటి కూడదన్నాడు. అప్పుడు ఇంకొక పండితుడు లేచి, మరి నువ్వుల నూనె తప్ప దొరకని బాబిలోను వాళ్లేం చేయాలి, ముల్లంగి గింజల నూనె తప్ప దొరకని అలెగ్జాండ్రియా వాళ్లేం చేయాలి అని అడిగాడు. చివరకు ఆలివ్ శ్రేష్ఠమే గాని, సరిగా వెలిగే ఏ నూనె అయినా చెల్లుతుందని తేల్చారు. రూలు రాసేవాడు రూలు పాటించాల్సిన బీదవాణ్ణి తలుచుకోవడం నా సర్వీసులో నేను అరుదుగా చూసిన సంగతి.

ఆ మాట మన దేశానికీ వర్తించింది. మహారాష్ట్ర కొంకణ తీరంలో బెనే ఇజ్రాయెల్ అనే యూదులు తరతరాలుగా ఉన్నారు. వాళ్ల కులవృత్తి గానుగాడి నూనె తీయడం. శనివారం గానుగ కట్టరు గనుక ఊళ్లోవాళ్లు వాళ్లను 'శనివార్ తేలీ' అనేవారు, అంటే శనివారం సెలవు పెట్టే తెలికలవాళ్లు. వాళ్ల ఇళ్లలో దీపాలు కొబ్బరినూనెతో వెలిగేవి. గోడకు తగిలించే చెక్క పలకకు కడియాలు బిగించి, వాటిలో గాజు గిన్నెలు నిలిపే దీపాలు కూడా వాళ్లలో ఉన్నాయి.

1989లో శబరిమల నుంచి తిరిగి వస్తూ మేము కొచ్చిలో ఆగి, మట్టాంచేరిలో 1568లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరం చూశాం. నీలం, తెలుపు చైనా పలకల నేల, పైకప్పు నుంచి వేలాడే గాజు దీపాలు. మిగతావాళ్లు దీపాలు చూస్తుంటే నేను మందసం చెక్కడపు పని చూస్తూ నిలబడ్డాను. నా కంటికి టేకులా తోచింది. అదే మట్టాంచేరిలోని కడవుంభాగం అనే మరో మందిరం లోపలి చెక్కపని విప్పి తీసుకెళ్లి, యెరూషలేములోని ఇజ్రాయెల్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారని తర్వాత చదివాను. కొచ్చి యూదుల్లో ఎక్కువమంది 1950ల్లోనే ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. మనుషుల వెనకే కేరళ కర్రా వెళ్లింది. అంత దూరం దేనికి, మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కూడా బెనే ఎఫ్రాయిమ్ అనే పేరుతో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలున్నాయి.

మన పెన్షనర్ల దినం వచ్చే డిసెంబరులోనే చాలా ఏళ్లు వాళ్ల హనుక్కా పండుగ వస్తుంది. ఎనిమిది రాత్రుల దీపాల పండుగ. క్రీ.పూ. 164లో వాళ్లు తమ ఆలయాన్ని పరాయి రాజు నుంచి తిరిగి దక్కించుకుని శుద్ధి చేసుకున్నారు. ఒక్కరోజుకు సరిపడే శుద్ధమైన నూనె ఎనిమిది రోజులు వెలిగిందని ఐతిహ్యం. మొదటి రాత్రి ఒకటి, రెండో రాత్రి రెండు, ఇలా ఎనిమిది దాకా పెంచుతూ వెలిగిస్తారు. వెలిగించడానికి తొమ్మిదోది వేరే ఉంటుంది. దాన్ని సేవక దీపం అంటారు. మన అటెండరులాగ అందరి పనీ చేస్తుంది, లెక్కలోకి మాత్రం రాదు! ఎనిమిదితో మొదలుపెట్టి రోజూ ఒకటి తగ్గించాలని షమ్మాయి శిష్యులు, ఒకటితో మొదలుపెట్టి పెంచాలని హిల్లెల్ శిష్యులు వాదించారు. మంచి విషయంలో పెరుగుదలే గాని తరుగుదల ఉండకూడదన్న హిల్లెల్ పక్షమే నిలిచింది. డి.ఏ. విషయంలో మన సంఘం వాదన కూడా అదే కదా!

అసలు నేను చెప్పదలచిన కర్ర సంగతి ఇక్కడుంది. ఆలయం తిరిగి దక్కినప్పుడు బంగారు దీపస్తంభం లేదు. మరి దేనితో చేశారు? తాల్ముదు గ్రంథంలో దీని మీద చర్చ జరిగింది. కర్రతో చేశారని ఒక పండితుడు అన్నాడు. కాదు, ఇనుప చువ్వలకు తగరం పూత పూసి నిలబెట్టారు, కాస్త కలిగాక వెండిది, ఇంకా కలిగాక బంగారుది చేయించారు అని మిగతావాళ్లు అన్నారు. కర్రా, ఇనుమా అన్న వాదన అలా ఉండనివ్వండి. బంగారం సమకూరేదాకా దీపం ఆపలేదన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

ఒక శుక్రవారం నేను ఆవిడను అడగాలనుకున్న మాట అడిగేశాను. "అమ్మా, ఈ దీపం ఇంటి ఆడమనిషి పని కదా. ఆమె లేకపోతే ఎవరు పెడతారు?"

ఆవిడ ఆ కర్ర స్తంభాల వైపు చూసి, వాళ్లమ్మ పోయాక వీటిని వెలిగించింది వాళ్ల నాన్నే అని చెప్పింది. బతికినన్నాళ్లూ ఒక్క శుక్రవారం మానలేదట. దీపం ఆడదానిది కాదు, ఇంటిది అంది. ఇంట్లో ఉండే స్త్రీకి ముందు వరస, అంతే. ఒంటరిగా ఉన్న మగవాడికీ ఆ విధి తప్పదని ధర్మశాస్త్రంలోనే ఉంది. ఎందుకింత పట్టుదల అంటే, ఆ దీపం ఇంటి శాంతి కోసం. చీకట్లో ఒకరికొకరు తగిలి పడకుండా, ఒకరి ముఖం ఒకరు చూసుకుని అన్నం తినడం కోసం. పేదవాడి దగ్గర ఒక్క దీపానికే డబ్బుంటే పండుగ దీపం మాని ఇంటి దీపం పెట్టుకోమన్నారు. ఇంటి శాంతి తర్వాతే ఉత్సవం అన్నమాట.

చనిపోయినవారి కోసం సంవత్సరానికొకసారి ఒక కొవ్వొత్తి పెడతారని కూడా చెప్పింది. గాజు గ్లాసులో ఒక రాత్రీ పగలూ వెలుగుతుంది. తేదీ ప్రకారం కాదు, వాళ్ల చాంద్రమాన క్యాలెండరు ప్రకారం, అంటే మన తిథి లెక్కలాంటిదే. "మీ ఆవిడకు ఎప్పుడు పెడతారు?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

సోదర సోదరీమణులారా, మీ ముందు దాచడం దేనికి? మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి అమెరికా వెళ్లేదాకా ఆరు నెలలు మా ఇంట్లో దీపం లేదు. కర్మకాండలన్నీ సక్రమంగా జరిపించాను. కానీ నలభై ఒక్క సంవత్సరాలు ప్రతి సాయంత్రం ఆమె పెట్టిన దీపం ఆమెతోనే ఆగిపోయింది. అది ఆమె సెక్షను, నాది కాదనుకున్నాను. ఆ సీటు ఖాళీ అయితే ఫైలు ఆగిపోయినట్టే ఆగిపోయింది. సాయంత్రం లైటు కూడా వేయకుండా కుర్చీలో కూర్చుంటే, మా ఇంట్లో ఎవరూ లేరనుకుని పాలవాడు రెండుసార్లు వెనక్కి వెళ్లిపోయాడు.

అక్టోబరులో ఇంటికొచ్చి తలుపు తీశాను. దేవుడి గూట్లో ఆమె ఇత్తడి కుంది, దాని కింద చిన్న పీట, రెండూ దుమ్ము పట్టి ఉన్నాయి. తుడుద్దామని పీట చేతిలోకి తీసుకున్నాను. నూనె ఇంకి పైనంతా నల్లబడింది. అప్పుడు తట్టింది. ఊళ్లో అందరి తలుపులూ తట్టి చూసినవాణ్ణి, నా ఇంట్లో దీపం కింది పీట ఏ కర్రో ఒక్కనాడూ అడగలేదు. తిరగేసి అడుగున చాకుతో కొంచెం గీశాను. పచ్చటి పసుపు రంగు బయటపడింది. పనస.

వెంటనే మా బావమరిదికి ఫోను చేశాను. వాళ్ల పెరట్లో పనసచెట్టు కొట్టించినప్పుడు మిగిలిన ముక్కతో మా మామగారే పీట చేయించి, పెళ్లయ్యాక కూతురితో పంపారట. "అక్క మీకెప్పుడూ చెప్పలేదా బావా?" అన్నాడు. ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. డిపోలో వేల దుంగలకు నంబర్లు వేశాను గాని, ఇంట్లో ఉన్న ఒక్క ముక్కకు ఎంట్రీ లేదు.

ఆ సాయంత్రం నేనే దీపం పెట్టాను. వత్తి చేయడం రాక దూదిని ఏదో తిప్పి పెడితే మంట కొట్టుకుంది. మిష్నాలో అంత పెద్ద అధ్యాయం ఎందుకు రాశారో అప్పుడు అర్థమైంది! ఇప్పుడు వత్తులు బాగానే వస్తున్నాయి. ఏడేళ్లు దాటింది, ఊళ్లో ఉంటే మానలేదు. ఆమె తిథినాడు మాత్రం ఒక రాత్రీ పగలూ ఆరకుండా చూస్తాను. ఆ పద్ధతి పక్కింటి ఆవిడ దగ్గర నేర్చుకున్నదే.

ఇదంతా మీకు ఎందుకు చెబుతున్నానంటే, ఈ హాల్లో నాలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. భార్య పోయినవారు, భర్త పోయినవారు, పిల్లలు దూరాన ఉన్నవారు. అటువంటివారి ఇంట్లో సాయంత్రం పూట వెలుగు కనపడాలి. ఏ మతం వారైనా సరే, వారి వారి పద్ధతిలో పెట్టుకోండి. నమ్మకం లేకపోతే వాకిట్లో బల్బు వేయండి. ఇత్తడి కుంది లేకపోతే మట్టి ప్రమిద, అదీ లేకపోతే గాజు గ్లాసు. పీట టేకుదైనా, తుమ్మదైనా వెలుగుకు తేడా లేదు. ఇది ఇంట్లో ఇంకొకరి పని అని మాత్రం ఊరుకోకండి.

మన సంఘానికి కూడా ఒక చిన్న మనవి. వీధికొకరం చొప్పున, ఒంటరిగా ఉంటున్న మన సభ్యుల ఇళ్ల వైపు పొద్దుగూకేవేళ ఒక్కసారి చూద్దాం. వెలుగు లేకపోతే తలుపు తడదాం. తలుపులు తట్టడం నాకు ఎలాగూ అలవాటే, మా పేట బాధ్యత నేను తీసుకుంటాను. ఏటా ఒకసారి ట్రెజరీకి మనం లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. రోజూ సాయంత్రం మన వీధికి ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ ఈ దీపం. దానికి ఫారం లేదు, సంతకం అక్కర్లేదు.

అనుకున్నదానికన్నా ఎక్కువసేపే మాట్లాడాను. కార్యదర్శి గారు గడియారం చూసుకుంటున్నారు.